నూనె మూత మీద ముడి

అచ్చెన్న నన్ను అనుమానించడానికి మొదటి కారణం నా నోరే. ఒకరోజు వాడు తన యజమాని ధర్మారావు గారి కారుని నా షెడ్డుకి తెచ్చి, పాత పంచె ముక్కతో దాని దీపాలు తుడుచుకుంటూ మురిసిపోతున్నాడు. చూడలేక, "ఒరే, మీ బాబు దీన్ని వొదిలేసినప్పుడు నాకు సెప్పు. నాను తీసుకుని అద్దెకి తిప్పుకుంటాను" అన్నాను. సరదాకే అన్నాను. వాడూ నవ్వాడు. అయితే అచ్చెన్న నవ్వు ఎప్పుడూ మూతి దగ్గరే ఆగిపోతుంది. మాట మాత్రం లోపలికి వెళ్ళి కూర్చుంటుంది.

మేమిద్దరం భీమిలి దగ్గర ఒకే ఊరివాళ్ళం. ఒకే ఓడలో, డెక్కు మీద ఒకే చాప పరుచుకుని బర్మాలోని ఈ రంగం పట్నానికి వచ్చాం. బోటాటౌంగ్ రేవులో పక్కపక్కనే బియ్యం బస్తాలు మోశాం. తర్వాత నేను ఇన్సేన్ రైలు వర్కుషాపులో పని నేర్చుకుని, పజుండౌంగ్ వాగు ఒడ్డున మోటారు రిపేరు షెడ్డు పెట్టుకున్నాను. వాడికి డ్రైవింగు నేర్పి, రోడ్డు కంట్రాక్టరు ధర్మారావు గారి దగ్గర కుదిర్చింది కూడా నేనే. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు తప్ప నా చేతులకి మసి వదలదు. అహరోను అంటే మసిచేతుల మనిషి అని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ మసిచేతుల్నే వాడు అనుమానించాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కారు యుద్ధానికి ముందు కొన్నది. యుద్ధం ఆగి కూడా ఏళ్ళు గడిచిపోయాయి. పిస్టన్లు అరిగాయి, ఇంజను లోపల అన్నీ వదులయ్యాయి. అయినా చప్పుడు చేసేది కాదు. రంగంలో ఆ ఈడు కార్లన్నీ రేకు డబ్బాల్లా మోగుతుంటే, ఇది మాత్రం కడుపునిండా తిని పడుకున్న ఆవులా మెత్తగా గుర్రుమనేది. "అంతా నా సెయ్యిరా. సెయ్యి మెత్తగుండాలి" అనేవాడు అచ్చెన్న. నమ్మేవాణ్ణి. నేర్పింది నేను కదా, నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ధర్మారావు గారికి తౌంజీ కొండల్లో రోడ్డు పని దొరికింది. చలికాలమంతా అక్కడే ఉండాలి. కారుని రైలు మీద థాజీ దాకా పంపి, అక్కణ్ణించి ఘాటు రోడ్డు ఎక్కించాలి. ఆయన నా షెడ్డుకి వచ్చి, మా ఇద్దరి ముందూ తేల్చి చెప్పారు.

"అక్కడ పొద్దుటిపూట గడ్డి మీద మంచు పేరుకుంటుందట. ఈ ముసలిది ఆ చలికి లేవకపోతే నా పని పాడవుతుంది. లేస్తుందని మీరు నాకు చూపిస్తే కారూ వస్తుంది, అచ్చెన్నా వస్తాడు. లేదూ అంటే దీన్ని అమ్మేసి, అక్కడే ఒక లారీని, డ్రైవర్ని మాట్లాడుకుంటాను."

అచ్చెన్న మొహంలో నెత్తురు లేదు. వాడి నడుము రేవులోనే పాడైంది. బస్తా జారి మీదపడ్డ రోజున నేనే వాణ్ణి మోసుకెళ్ళాను. ఈ కారు పోతే వాడికి మళ్ళీ రేవే గతి, రేవులో ఆ నడుముతో ఒక వారం కూడా నిలవలేడు. ధర్మారావు గారికి అది తెలియదు. నాకు తెలుసు, వాడికి తెలుసు, వాడి తల్లి దేముడమ్మకి తెలుసు.

అందుకే నేను బుర్ర పెట్టి ఆలోచించాను. చలికి ఇంజను లేవాలంటే అంతా నూనెలో ఉంది. పాత ఇంజనుకి మామూలుగా చిక్కటి నూనె పోస్తాం, సందులు పూడ్చి పట్టుకుని ఉంటుందని. రంగం ఎండకి అదే సరి. కొండల్లో ఆ చిక్కటిదే రాత్రికి రాత్రి బిగుసుకుపోతుంది. కాబట్టి పల్చటి నూనె పోద్దామన్నాను. అచ్చెన్న నా వైపు కోడి దొంగని చూసినట్టు చూశాడు.

"ముసలి ఇంజనుకి పల్సటి నూనా? పిస్టను పక్కలమ్మట జారిపోయి పొగయిపోద్ది. ఇనుమూ ఇనుమూ రాసుకుని సస్తాయి. ఆ మాట నువ్వే సెప్పినావు గాదేటి?"

"ఇక్కడికైతే అదే మాట. అక్కడ సలికి సిక్కటిది పేరుకుపోద్దిరా. హేండిలు తిప్పి తిప్పి నీ నడుం ఇరిగిపోద్ది. ఒకేళ లేసినా, నూనె పైకెక్కే లోపల లోపలంతా అరిగిపోద్ది."

"పేరుకోడమేటి? నెయ్యేటి అది?"

"సలికాలంలో మనూర్ల కొబ్బరి నూనె పేరుకోలేదేటి? మీ అమ్మ ఎండలో పెట్టి కరిగించలేదేటి?"

"అది తలకి రాసుకునే నూనె. ఇది కంపినీ నూనె" అని ముఖం తిప్పుకున్నాడు. కాసేపాగి, నేలవైపు చూస్తూ, "ఇంజను పాడైతే బాబు అమ్మేస్తాడు. అమ్మితే ఎవుడు కొనుక్కుంటాడో నాకు తెల్దనుకున్నావేటి?" అన్నాడు.

అప్పుడు తెలిసింది, నా వేళాకోళం వాడి కడుపులో ఎంత కాలంగా ఊరుతోందో. నా షెడ్డులో నిలబడి, నన్నే! స్పానరు విసిరి కొట్టేవాణ్ణే గానీ అది కొత్తది.

ఆ రోజు నుంచీ అచ్చెన్న కారుని నా దగ్గర వదిలి టీ తాగడానికి కూడా వెళ్ళడం మానేశాడు. నేను ఏ టిన్ను తీసినా మూత విప్పి వాసన చూసేవాడు. ఇంజనులో నూనె పోసే మూతకి గట్టి దారం చుట్టి, దానికి ముడి వేశాడు. నాకు తెలియకుండా కాదు, నా ఎదురుగానే వేశాడు. ముడి వేసి నా కళ్ళలోకి చూశాడు. నా పెళ్ళాం నవోమి, "ఒకే ఊరోళ్ళు, ఈ గోలేటి మీకు?" అంటే, దాని మీద కూడా అరిచాను.

వాడి నోరు మూయించాలంటే కళ్ళకి చూపించాలి. బోటాటౌంగ్‌లో ఐసు ఫ్యాక్టరీ ఉంది. అందులో కన్నయ్య పని చేస్తాడు, మనవాడే. మూడు సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో చిక్కటి కొత్త నూనె, ఒకదాంట్లో పల్చటిది. మూడోదాంట్లో ఇంజను అడుగు బిరడా వదులు చేసి, అందులో ఇప్పుడున్న నూనె పట్టాను. పాత నూనె ఎలా బిగుసుకుంటుందో కూడా వాడు చూడాలని నా ఆలోచన. పడుతున్నంతసేపూ అచ్చెన్న నా భుజం మీదినుంచి తొంగిచూస్తూనే ఉన్నాడు. సీసాలు మాత్రం నా చేతి సంచిలో పెట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ఆ సంచే నా కొంప ముంచింది.

కన్నయ్య ఐసు ముక్కల్లో ఉప్పు కలిపి, సీసాల్ని అందులో పాతి, పైన రంపపు పొట్టు కప్పాడు. సాయంత్రం ధర్మారావు గారు, అచ్చెన్న, నేను వెళ్ళాం. లోపల అడుగు పెడితే పళ్ళు టకటక కొట్టుకున్నాయి. "తౌంజీ అంటే ఇదే" అన్నారు ధర్మారావు గారు కండువా చెవులకి చుట్టుకుంటూ.

మొదటి సీసా వంచితే చిక్కటి నూనె మూతి దాకా వచ్చి అక్కడే వేలాడింది. రెండోది వంచితే పల్చటిది సన్నని ధార కట్టి పడింది. అచ్చెన్న నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నా ఛాతీ ఉప్పొంగింది. "సూసినావా?" అందామని అటు తిరుగుతుండగా, కన్నయ్య మూడో సీసా తీసి వెలుగుకి పట్టుకుని, "ఇదేటన్నా, ఇందులో రెండున్నాయి?" అన్నాడు.

పైన నల్లటి ఇంజను నూనె. అడుగున ఇంకో రంగులో, జిగురులా ముద్దకట్టి మరేదో ఉంది. రెండూ విడిపోయి, మధ్యన గీత గీసినట్టుంది. వేడి ఇంజనులో చిలికి చిలికి కలిసి ఉన్నది, చలికి దేనికది వేరుపడింది.

నేను బిరడా తీసి వాసన చూశాను. ఆముదం! మాడిన ఆముదం. ఆ వాసన ఎన్నో ఏళ్ళుగా ఆ కారు దగ్గర నాకు తగులుతూనే ఉంది. అచ్చెన్న తలకి వాళ్ళమ్మ ఆముదం మర్దనా చేస్తుందని, అది వాడి నెత్తి వాసనేనని అనుకుంటూ వచ్చాను.

"ఈడే కలిపినాడు బాబూ!" అని అరిచాడు అచ్చెన్న. "సీసాలు ఈడి సంచిలోనే ఉన్నాయి. నా బండికి నాను ఆవదం ఎందుకు పోసుకుంతాను? ముడి కూడా ఎవుడో ఇప్పి మళ్ళీ ఏసినాడు. నాను సూసినాను. ఆ ముడి నాది కాదు. ఈడే ఇప్పినాడు!"

ఇప్పుడు నాకూ అనుమానం పుట్టింది. నేను మంచి నూనె టిన్నులు ఇస్తే, వీడు వాటిని అమ్ముకుని, దీపం నూనె పోసి నడిపిస్తున్నాడా? ఇన్నాళ్ళ మెత్తటి చెయ్యి రహస్యం ఇదా? ఆ మాట నోటితోనే అనేశాను. కన్నయ్య అడ్డు రాకపోతే ఆ ఐసు మీద ఇద్దరం ఒకరి జుట్టు ఒకరం పట్టుకునేవాళ్ళం.

ధర్మారావు గారు మమ్మల్ని మార్చి మార్చి చూశారు. ఆ చూపులో ఇద్దరం దొంగలమే. "రైలు వ్యాగను మాట్లాడేశాను. రేపు నేను బయటికి వచ్చేసరికి ఇది ఎవరు పోశారో నాకు చెప్పండి. చెప్పకపోతే కారు ఇక్కడే ఉంటుంది, మీరిద్దరూ నా గుమ్మం తొక్కొద్దు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ధర్మారావు గారి దొడ్డికి వెళ్ళాను. కారు షెడ్డు పక్కనే ఒక గదిలో అచ్చెన్న, వాళ్ళమ్మ ఉంటారు. అచ్చెన్న కారుకి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"ముడి నీది కాదన్నావు కదా. సూపించు" అన్నాను.

బానెట్టు ఎత్తి చూపించాడు. "ఇదిగో. నాను రెండు సుట్లు సుట్టి ఉత్త ముడేసినాను. ఇది సూడు ఎలాగుందో. సదువుకున్న ముడి!"

వంగి చూశాను. దారం కొసలు లోపలికి మడిచి, మడిచిన కొస పట్టి లాగితే ఊడేలా, ఇంకెటు గుంజినా వదులవని ముడి. అలాంటి ముళ్ళని నేను వేలకొద్దీ భుజాన మోశాను. రైసు మిల్లులో గోనెబస్తా మూతి కుట్టాక ఆడకూలీలు చివర వేసే ముడి అది. అచ్చెన్న కూడా మోశాడు. నా చెయ్యి తప్ప ఇంకే చెయ్యీ వాడి కళ్ళకి ఆనలేదు, అంతే.

"మీ అమ్మ మిల్లులో ఏటి పని సేసేదిరా?" అన్నాను.

వాడు నన్ను చూశాడు, ముడిని చూశాడు.

ఇంతలో దేముడమ్మే వచ్చింది. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో చిన్న ఇత్తడి చెంబు. నన్ను చూసి, "ఆరోనా, తెల్లారే వొచ్చినావేటి నాయినా? టీ తాగినావా?" అంది. చెంబు దాచుకోలేదు. దాచుకోవాలని ఆమెకి తోచనే లేదు.

"అమ్మా, ఆ సెంబులో ఏటుంది?" అన్నాడు అచ్చెన్న.

"ఏటుంటాది? ఆవదం. బండికి."

ఆ కబురంతా ఆమె చీపురు పక్కన పెట్టి, తీరుబడిగా చెప్పింది. అచ్చెన్న డ్రైవరుగా కుదిరిన ఏడాది దసరాకి కారుకి పసుపు కుంకుమ పెట్టి, దండ వేశారు. ఆ రోజు ఇంజను గోల పెడుతుంటే ఆమెకి వాళ్ళాయన ఎడ్లబండి గుర్తొచ్చింది. ఊళ్ళో బండి ఇరుసు కీచుమంటే ఆముదమే పోసేవాళ్ళు. పూజలో దీపానికి తెచ్చిన ఆముదాన్ని, మూత తీసి, దండం పెట్టుకుని ఇంజనులో పోసింది. గోల తగ్గింది. అప్పటినుంచీ ప్రతి మంగళవారం, వీడు స్నానానికి వెళ్ళినప్పుడు, దీపానికి ఒక చుక్క, బండికి ఒక గుక్క.

"నాకు సెప్పలేదేటమ్మా?"

"సెప్తే పొయ్యనిస్తావేటి? నీకు కంపినీ నూనె తప్ప కళ్ళకానదు. బండి మూలిగితే బాబు అమ్మేత్తాడు, నువ్వు మళ్ళీ బస్తాకి నడుమొంచాల. సలికి బండి లేవదని ఈమద్దెన మీరు అరుసుకుంతుంటే ఇన్నాను. అందుకే రోజూ పోస్తన్నాను. దారం కట్టి ఉంటే, ఇప్పి మళ్ళీ బద్రంగా కట్టినాను."

అచ్చెన్న నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళు వాడి మెత్తటి చెయ్యి అని ఊరంతా చెప్పుకున్నది ఆ ఇత్తడి చెంబు. నన్ను దొంగని చేసింది కూడా అదే చెంబు. నా కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు. ముసలమ్మ మీద చూపిస్తానా?

"ముందు లెగు. కడుగుదాం" అన్నాను.

ఇద్దరం కలిసి ఇంజనులో నూనంతా దింపేశాం. కిరసనాయిలు పోసి, తిప్పి, మళ్ళీ దింపాం. జిగురు ముద్దలు ముద్దలుగా ఊడిపడింది. కొండల్లో ఉన్నన్నాళ్ళూ పల్చటిదే. కాస్త పొగొస్తుంది, చప్పుడొస్తుంది, టిన్ను పక్కన పెట్టుకుని తరుగు పడ్డప్పుడల్లా పోసుకోవాలి. రంగం తిరిగి వచ్చాక చిక్కటిది. ఇదంతా వాడికి చెబుతూ పోశాను. ఈసారి వాడు వాదించలేదు.

మేము చేతులు తుడుచుకుంటుండగా ధర్మారావు గారు మెట్లు దిగి వస్తున్నారు. అచ్చెన్న గబుక్కున, "అమ్మా, నువ్వు లోపలికెల్లు. బాబు ముందు నోరిప్పితే నా మీదొట్టు" అన్నాడు. ఆమె గొణుక్కుంటూ గదిలోకి వెళ్ళింది.

తల్లిని బయటపెట్టడు, అది ఖాయం. మరి మిగిలింది ఎవరు? నేనే. నిన్న అరిచిన మాటే ఇవాళ మళ్ళీ అంటే చాలు, వాడి ఉద్యోగం నిలుస్తుంది, తల్లి పరువు నిలుస్తుంది. అహరోను ఒక్కడే పోతాడు. వాడు అదే చేస్తాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. పిడికిలి కూడా బిగించాను.

"ఎవరు?" అన్నారు ధర్మారావు గారు.

"నానే బాబూ" అన్నాడు అచ్చెన్న. "సప్పుడు తగ్గుద్దని నానే పోస్తన్నాను. ఆరోనికి ఏటీ తెల్దు. నిన్న బయపడి ఆడి మీదకి తోసేసినాను."

నా పిడికిలి ఏం చేసుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

ధర్మారావు గారు, "అబద్ధమాడే డ్రైవర్ని పెట్టుకుని లోయ పక్కన ఎలా వెళ్ళను?" అని, నా వైపు తిరిగారు. "అహరోనూ, కారు గురించి నీకే బాగా తెలుసు. నువ్వే నాతో రా. చలికాలం అయ్యేదాకా ఉండు. షెడ్డుకి తాళం వెయ్యి."

అచ్చెన్న తలెత్తలేదు. వాడు ఇన్నాళ్ళూ అనుమానించింది సరిగ్గా ఇదే, వాడి కారు నా చేతికొస్తుందని. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. కొండలు, కారు, నెలజీతం, మసి లేని చేతులు. గది తలుపు సందులోంచి దేముడమ్మ కళ్ళు నా మీదే ఉన్నాయి.

"ముందు లేస్తుందో లేదో చూపించు" అన్నారు ధర్మారావు గారు.

చల్లబడి ఉన్న ఇంజను లేవాలంటే గాలి మూత ముయ్యాలి. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ లాగితేనే అంటుకుంటుంది. డ్రైవింగు నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పే పాఠం అది. అచ్చెన్నకి చెప్పింది నేనే. ఆ మూతని బార్లా తెరిచే ఉంచి, ముందుకొచ్చి హేండిలు పట్టుకున్నాను.

తిప్పాను. లేవలేదు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ తిప్పాను. చెమట కారేదాకా తిప్పాను. ఇంజను దగ్గింది, ఊరుకుంది.

"నా సేతికి లొంగదు బాబూ. ముసలి బండి కదా, ఆడి సెయ్యే అలవాటు" అన్నాను.

అచ్చెన్న వచ్చాడు. బానెట్టు ఎత్తాడు. తెరిచి ఉన్న గాలి మూత చూశాడు. నన్ను చూశాడు. దాన్ని మూసి, హేండిలు ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజను లేచింది. మునుపటి గుర్రు కాదు, లోపలున్న ఇనుమంతా ఒకేసారి మాట్లాడినట్టు టకటకమని మోగింది. దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి, "అయ్యో, బండి ఏడుస్తందిరా" అని చెంపలేసుకుంది.

ధర్మారావు గారు ఒకసారి బానెట్టు వైపు, ఒకసారి నా వైపు, గుమ్మంలో ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ వైపు చూశారు. ఆ చెంబు దగ్గర ఆయన చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది.

"మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళు కదూ?" అన్నారు.

"అవును బాబూ" అన్నాను.

"అనుకున్నాను" అని మెట్లెక్కారు. పైకి వెళ్ళి అక్కణ్ణించే, "అచ్చెన్నా, సామాను సర్దుకో. దారిలో ఎక్కడైనా ఆముదం వాసన వచ్చిందో, అక్కడే దింపేస్తాను" అన్నారు.

కారుని వ్యాగను ఎక్కించే రోజు స్టేషను యార్డుకి వెళ్ళాను. దారి కోసమని పల్చటి నూనె టిన్ను ఒకటి నా షెడ్డు నుంచి తీసుకెళ్ళాను. చక్రాలకి దుంగలు అడ్డం పెట్టి, తాళ్ళు బిగించి, అచ్చెన్న కిందికి దూకాడు.

"ఒరే ఆరోనా" అన్నాడు. "సల్లటి ఇంజనుకి గాలి మూత ముయ్యాలిరా. మరిసిపోనావేటి?"

"ముసలోణ్ణయిపోతన్నాను" అన్నాను.

టిన్ను అందించాను. వాడు దాన్ని రెండు చేతులా అందుకుని, ముందు సీటు కింద జాగ్రత్తగా పెట్టుకున్నాడు. మూత తియ్యలేదు. వాసన చూడలేదు.